నల్లపెట్టె మీద తెల్లక్షరాలు

"పెట్టెను పేల్చెయ్యాలా సార్?" అన్నాడు శాంతికుమార్.

"కాదు. దానికి రంగు వెయ్యాలి," అన్నాడు చీఫ్ రామనారాయణ.

సోమశిల రోడ్డు పక్కన ఆపిన పాత బొలేరోలో ఉన్నారిద్దరూ. ఏసీ చల్లబరచడం మానేసి చాలా కాలమైంది. చీఫ్ చేతిలోని ట్యాబ్ మీద ఒక ఫోటో ఉంది. ఆత్మకూరులో ఎవరో కొత్తగా అద్దెకు దిగి పాలు పొంగిస్తున్నారు. ఒక ఇల్లాలు, ఆమె కూతురు, ఒక ముసలామె. వాళ్ల పక్కన ఇంటి పెద్దలాగా పసుపు కుంకుమలు పెట్టించుకుని కూర్చున్న ఒక నల్ల ఇనపపెట్టె. దాని మీద తెల్ల పెయింటుతో సోల్జర్ నంబరు, ర్యాంకు, పేరు. ఆ కింద ఇంకో లైను ఉంది కానీ సరిగ్గా అక్కడ పాలగిన్నె అడ్డం వచ్చింది.

"ఆ కింది లైను ఏంటి సార్?"

"ఊరి పేరు. ప్రస్తుతానికి దేశాన్ని ఆ పాలగిన్నె కాపాడుతోంది."

చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ చిన్నదే. నాయబ్ సుబేదార్ పెంచలప్రసాద్, సిగ్నల్స్ విభాగం, సొంతూరు ఉదయగిరి. పద్దెనిమిదేళ్ల సర్వీసు, ఏడు పోస్టింగులు. ట్రాన్స్‌ఫర్ అయిన ప్రతిసారీ పెట్టె మీద పాత ఊరికి నల్లరంగు కొట్టి కొత్త ఊరి పేరు రాసుకోవడం జవాన్లకు అలవాటు. ఈసారి కూడా అలాగే రాసేశాడు. రాశాక ఆర్డరు వచ్చింది. కొత్త స్టేషను టాప్ సీక్రెట్, పధ్నాలుగు మందే వెళ్లాలి, కిట్‌బ్యాగు తప్ప ఏదీ వెంట రాకూడదు, ఫ్యామిలీ క్వార్టర్స్ ఖాళీ చెయ్యాలి. మర్నాడే అతను హెలికాప్టర్ ఎక్కాడు. సామాన్ల లారీలో పెట్టె ఆత్మకూరు చేరింది.

(ఆ ఊరి పేరు మీకు చెప్పను. చెబితే రేపు మీ ఇంటికీ ఒక పెయింటర్ వస్తాడు. మంచుకొండల్లో ఎక్కడో ఉందని మాత్రం తెలుసుకుంటే చాలు.)

"ఇల్లాలు చెంచులక్ష్మి ఈ ఫోటోను ఫౌజీ భార్యల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో నవ్యశ్రీ ఉంది," అన్నాడు చీఫ్.

శాంతికుమార్ నిటారుగా కూర్చున్నాడు. నవ్యశ్రీ పేరు వింటే డిపార్ట్‌మెంట్లో ఎవరైనా అలాగే కూర్చుంటారు. ఆమె నవ్వు చూసి నోరు జారిన ఆఫీసర్ల లిస్టు పెద్దది. అవతలి దేశపు ముఠాకు ఏజెంటు. రెండేళ్ల క్రితం పట్టుబడి మనకూ పనిచేస్తానంది. అప్పట్నుంచి డబుల్ ఏజెంట్. ఏ వైపు నిజం, ఏ వైపు నటన అన్నది ఆమెకే తెలియాలి.

"శుక్రవారం పదకొండింటికి వెల్‌ఫేర్ ట్రస్టు పేరుతో ఆ ఇంటికి వెళ్లమని ముఠా చెప్పిందని ఆమే మనకు చెప్పింది. గురువారం సాయంత్రంలోగా పెట్టె మీది పేరు మారిపోవాలి. జైసల్మేర్ అని రాయి. స్టెన్సిల్ ఇస్తాను. వాళ్ల మనుషులు ఎడారికి పోతారు, అక్కడ మనవాళ్లు కాచుకుని ఉంటారు. ఆపరేషన్ పాలపొంగు."

"కోడ్?"

"ఆమె నిన్ను చూసి, 'ఈ రంగు సోమశిల నీళ్లకు ఆగుతుందా?' అని అడుగుతుంది. అడిగితే మన మనిషి. అడక్కపోతే వాళ్ల మనిషి."

"ఆ ఇల్లాలికి చెబుదామా సార్?"

"వద్దు. చెబితే ముఖంలో కనిపించిపోతుంది. నువ్వు చేజర్ల వాడివి, యాస నటించే పనిలేదు. పేరు ఓబయ్య. ఇంటికి సున్నాలూ రంగులూ వేస్తావు."

సోమవారం పొద్దున పెయింటర్ ఓబయ్య నిచ్చెనతో, రెండు డబ్బాలతో ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. బ్రష్ పిడిలో మైక్రోఫోన్, రోలర్‌లో కెమెరా. చెంచులక్ష్మి ఇంకా అట్టపెట్టెలు విప్పుతూనే ఉంది. ఒకదాంట్లో నాలుగు స్కూళ్ల టీసీలు, ఒకదాంట్లో మూడు రాష్ట్రాల గ్యాస్ పుస్తకాలు. తొమ్మిదేళ్ల చైత్రకు హిందీ గలగలా వస్తుంది, తెలుగు కూడబలుక్కుంటుంది. అత్తగారు వెంకమ్మ ఉదయగిరి కొండ కింద గొర్రెలు కాచిన మనిషి. కోడలికీ మనవరాలికీ తోడుగా ఈ ఊరొచ్చి, మందలో లెక్క తప్పినట్టు రోజుకు నాలుగుసార్లు ఇల్లంతా తిరిగి చూసుకుంటోంది.

మొదటి రోజే వెంకమ్మ అతనికి సంగటి, గోంగూర పెట్టింది.

"తిను నాయనా. నా కొడుకు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో ఏ తల్లో పెడతాదిలే," అంది.

విదేశాల్లో విషం కలిపిన విందులు తిని బతికొచ్చిన శాంతికుమార్ ఈ సంగటి దగ్గర తడబడ్డాడు. ఆమెను మోసం చెయ్యడానికి వచ్చి ఆమె చేతి తిండి తింటున్నానన్న సిగ్గు అతన్ని వదల్లేదు.

పెట్టె ముందుగదిలో, దుప్పటి కప్పుకుని ఉంది. ఆ దుప్పటి ఎందుకో మంగళవారం తెలిసింది.

"ఏ ఊరు పోయినా మా ఇంట్లో మొదట ఆయన పెట్టె అడుగుపెట్టాల అన్నా," అంది చెంచులక్ష్మి, తడిగుడ్డతో దాన్ని తుడుస్తూ. "ఆయన డ్యూటీలో ఉంటాడు. మేము ఇల్లు మారతా ఉంటాము. అందుకని పెట్టెనే ఆయన అనుకుంటాము. ఈసారి యాడుండాడో ఫోన్లో గూడా చెప్పకూడదంట. ఇదో, ఈ ఒక్క మాట మాత్రం రాసిపెట్టి పోయినాడు. బయటోళ్లు చూడకూడదని దుప్పటి కప్పినాను."

చైత్ర ఫోను తెచ్చి వాళ్ల అవ్వకు చూపించింది. రోజూ ఆ ఊరి పేరు కొట్టి వాతావరణం చూడటం ఆ పిల్లకు అలవాటు. "అవ్వా, నాన్నకు మైనస్ పన్నెండు!"

"మైనస్ అంటే ఏందే?"

"ఐస్ కన్నా చల్లన."

"అయ్యో! ఉదయగిరిలో మా తమ్ముడు కొండలయ్య కంబళి నేయిస్తా ఉండాడు. బేస్తవారం పోయి తెద్దాం పదండి. ఎట్టోకట్ట వానికి పంపాల," అంది వెంకమ్మ.

ఆ ఫోను సంగతి శాంతికుమార్ రిపోర్టులో రాయలేదు. రాస్తే ఎవరో వచ్చి ఆ పిల్ల చేతిలోంచి ఫోను లాక్కుంటారు. డ్యూటీలో అది మొదటి తప్పు.

గురువారం ముగ్గురూ ఉదయగిరి బస్సెక్కారు. చెంచులక్ష్మి ఇంటి తాళం అతని చేతిలో పెట్టి, "సాయంత్రానికి వస్తాము అన్నా, ఇల్లు మీ చేతిలో ఉండాది," అంది. అంతకంటే చెంపమీద కొట్టినా బాగుండేది.

అతను దుప్పటి తీశాడు. స్టెన్సిల్ తీశాడు. నల్ల డబ్బా మూత తెరిచాడు. పెట్టె అంచు దగ్గర పెచ్చులు ఊడి పాత ఊళ్లు ఒకదాని కింద ఒకటి కనిపిస్తున్నాయి. ఏడు ఇళ్లు, ఏడు పాలపొంగులు. అన్నిటి మీదా ఆ మొగుడు తన చేత్తో రాసిన చివరి మాట. బ్రష్ ముంచి ఎత్తాడు. చెయ్యి ఆ మాట దాకా పోయి ఆగిపోయింది. ఆమెకు భర్త ఆచూకీ అంటూ మిగిలింది ఆ ఒక్క లైనే. దాన్ని ఆమె లేనప్పుడు, ఆమె ఇచ్చిన తాళంతో ఇంట్లో ఉండి చెరపాలి.

ఇరవై ఏళ్ల సర్వీసులో మొదటిసారి శాంతికుమార్ ఒక పనిని రేపటికి వాయిదా వేశాడు. వచ్చేది పదకొండింటికి కదా, పొద్దున్నే వేసేద్దాంలే అనుకున్నాడు. దుప్పటి కప్పి, గోడకు రెండో కోటు వేసుకుంటూ కూర్చున్నాడు. సాయంత్రం వాళ్లు రాగానే తాళం ఇచ్చి, వాళ్ల ముఖం చూడలేక గబగబా వెళ్లిపోయాడు. స్టెన్సిల్ పెట్టె మీదే, దుప్పటి కిందే ఉండిపోయిందని గది చేరేదాకా గుర్తు రాలేదు; ఆ వేళప్పుడు మళ్లీ తలుపు తడితే అనుమానం వస్తుంది.

శుక్రవారం ఎనిమిది కాకముందే అతను ఆ వీధి మలుపు తిరిగాడు. ఇంటి ముందు ఎర్ర కారు ఆగి ఉంది.

మూడు గంటలు ముందుగా వచ్చింది. నవ్యశ్రీ నీలం పట్టుచీరలో, హైహీల్స్‌తో కారు దిగుతోంది. చీరకు పెట్టుకున్న నెమలి బ్రోచ్‌లో పచ్చరాయి ఒకసారి మెరిసింది. కెమెరా లెన్సు. ఆమె చూపు ఓబయ్య మీద, అతని చేతిలోని డబ్బా మీద నిలబడింది. అతను ఆ మాట కోసం ఎదురుచూశాడు.

"పక్కకు జరుగు. చీరకు అంటుకుంటుంది," అంది నవ్యశ్రీ, లోపలికి పోతూ.

సోమశిల ఊసే లేదు. అంటే వాళ్ల మనిషే!

పెట్టె మీద అసలు పేరే ఉంది. అడ్డుపడితే ఆ పేరు నిజమని తనే చెప్పినట్టు. ఊరుకుంటే పధ్నాలుగు మంది చావు. తన జాలికి ఇంత ఖరీదా? శాంతికుమార్ డబ్బా పట్టుకుని లోపలికి నడిచాడు. కాలుజారినట్టు మొత్తం పెట్టె మీద ఒంపెయ్యాలి. ఇంకో దారి లేదు.

లోపల నవ్యశ్రీ అప్పటికే నవ్వుతోంది. "జవాన్ల పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తాం అమ్మా. కొత్త ఇంట్లో మీ ఫోటో ఒకటి కావాలి. మీ వారి పెట్టె కూడా ఉంటే బాగుంటుంది."

"దానికేం మేడం," అంటూ చెంచులక్ష్మి దుప్పటి అంచు పట్టుకుంది.

పెట్టెకీ డబ్బాకీ మధ్య రెండు అడుగులు. దుప్పటి జారింది. శాంతికుమార్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

నల్లపెట్టె మీద తెల్లగా, స్టెన్సిల్ కొలతతో, జైసల్మేర్ అని ఉంది.

నవ్యశ్రీ ముందుకు వంగి అక్షరాల మీద వేలు పెట్టబోయింది. అవి ఆరాయో లేదో దేవుడికే తెలియాలి.

"ఆగండి మేడం!" అంది చెంచులక్ష్మి. "పసుపు కుంకుమ పెట్టిన పెట్టె. చెప్పులతో ముట్టుకోగూడదు మా ఇళ్లల్లో."

నవ్యశ్రీ హీల్స్ వంక చూసుకుని వెనక్కి తగ్గింది. బ్రోచ్ రెండుసార్లు మెరిసింది. కానీ ఆమె అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. వంగి చైత్ర బుగ్గ గిల్లింది. "నాన్న ఉండే చోట చలా బంగారం, ఎండా?"

పెట్టె గురించి ఢిల్లీ దాకా ఆలోచించారు. పిల్ల చేతిలోని ఫోను ఒక్క శాంతికుమార్‌కే తెలుసు, అతను దాచాడు. చైత్ర ఫోను తీసి తెరమీద వేలు ఆడిస్తుంటే అతను గోడకు ఆనుకున్నాడు.

"నలభై ఒకటి ఆంటీ," అంది చైత్ర దిగులుగా. "నాన్న నల్లగా అయిపోతారు."

నవ్యశ్రీ తృప్తిగా నవ్వి కారెక్కింది. మర్రిపాడు దాటాక ఒక ధాబా వెనక, లారీలో దాచిన ట్రాన్స్‌మిటర్‌తో ఆమె ఫోటో పంపేదాకా చీఫ్ మనుషులు టీ తాగుతూ ఓపిక పట్టారు. పంపిన మరుక్షణం ఆమెకూ, లారీలోని ఇద్దరికీ బేడీలు పడ్డాయి. మిగతా ముఠా రెండు రోజుల తర్వాత ఎడారిలో దొరికింది.

ఇక్కడ, కారు వెళ్లిపోయాక చెంచులక్ష్మి వీధి తలుపు మూసింది. చైత్రను లోపలికి పంపి అతని వైపు తిరిగింది.

"గోడలకు రంగులేసేవాని దగ్గర మిలిటరీ స్టెన్సిల్ ఎందుకుంటాది? పద్దెనిమిదేళ్లుగా ఫౌజీ పెళ్లాన్ని అన్నా. రాత్రి దుప్పటి తీసి చూడంగానే అర్థమైంది. ఇంట్లో ఉన్న ఆయన రంగుతో నేనే రాసినాను. ఫోన్లో గూడా ఊరు మార్చి, నాన్న పోస్టింగ్ మారిందని బిడ్డకి అబద్ధం చెప్పినాను."

"తప్పు నాదమ్మా," అన్నాడు శాంతికుమార్. ఆ మాట అతని నోటినుంచి వచ్చి ఎన్నేళ్లయిందో. "నిన్ననే మార్చాల్సింది. చెయ్యి రాలేదు. నా వల్ల మీ ఆయన ప్రాణం పొయ్యేది."

"నాకు చెప్పుంటే సరిపొయ్యేది గదా!" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆయన రాసిన మాట మీద రంగు కొట్టేటప్పుడు ఏడ్చినాను. మీరు కొట్టుంటే జన్మలో మిమ్మల్ని క్షమించేదాన్ని కాదు. కొట్టకపోయినందుకు క్షమించాల్నో వద్దో ఇంకా తెలీలేదు."

అతను తల వంచుకున్నాడు.

వెనకగదిలో వెంకమ్మ కొత్త కంబళి మడతపెట్టి అటక ఎక్కించబోతోంది. "ఎండల ఊరికి మార్చినారంట గదా నా బిడ్డని. ఇంక ఇదెందుకు," అని తనలో తాను అనుకుంటోంది. చెంచులక్ష్మి ముఖం పాలిపోయింది. మంచులో ఉన్న కొడుక్కి తల్లి కంబళి అందకుండా చేసింది తామిద్దరే.

శాంతికుమార్ గబగబా లోపలికి వెళ్లాడు. "అవ్వా, ఎడారిలో చీకటి పడితే వణుకే. ఇటియ్యండి. మావోడొకడు ఆ పక్కకు పోతా ఉండాడు."

ఆ ఇంట్లో అతను ఆడిన చివరి అబద్ధం అది. ఒక్కటైనా వాళ్ల కోసం ఆడాడు.

మర్నాడు శాంతికుమార్ చీఫ్ టేబుల్ మీద రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి, గురువారం వాయిదా వేసిన పనీ ఫోను సంగతీ దాచకుండా రాసి, శిక్ష కోరుతూ ఇచ్చిన రిపోర్టు. రెండోది, గొర్రెల వాసన వేస్తున్న కంబళి. రామనారాయణ రిపోర్టు రెండుసార్లు చదివి సొరుగులో పెట్టి తాళం వేశాడు. కంబళి వంక మాత్రం చాలాసేపు చూశాడు.

"ఆర్మీ హెలికాప్టర్లో దీన్ని ఏమని పంపించమంటావయ్యా?"

"కమ్యూనికేషన్ మెటీరియల్ సార్."

నాలుగో రోజున సీక్రెట్ స్టేషన్ నుంచి సంకేతభాషలో సందేశం వచ్చింది. మూడు తాళంచెవులతో, ఇద్దరు ఆఫీసర్ల సమక్షంలో డీకోడ్ చేశారు.

"కంబళి అందింది. మిగతా పదమూడు మంది అలిగారు."