సినువాన్ అవ్వ గడిలో ఎవరు?

నాన్ నది ఒడ్డున ఆ చిన్న ఆసుపత్రిలో రికార్డుల గదికి చెడ్డపేరుంది. ఒకప్పుడు అది శవాల గది. పాత కంప్యూటర్లోని రోగుల వివరాలు కొత్తదాంట్లోకి ఎక్కించడానికి బ్యాంకాక్ నుంచి ఇద్దరొచ్చి, రాత్రికి రాత్రే సంచీ సర్దుకుని పోయారట. ఎన్నిసార్లు మొదలుపెట్టినా... సినువాన్ అవ్వ పేరు దగ్గరే ఆగిపోయేది. ఆపైన తెర నిండా పిచ్చి గుర్తులు —

తర్వాత అదే పనికి వచ్చింది కన్లయా. దెయ్యాలంటే ఆమెకి నవ్వులాట. గుమ్మం పక్కన స్థలదేవతకి నైవేద్యంగా పెట్టిన ఎర్రసోడా చూసి, ఈవిడకి షుగరు లేదా అని కూడా అడిగింది. తెల్లారితే పాత కంప్యూటర్ని కట్టేస్తారు. కొత్తదాంట్లో పేరు లేకపోతే అవ్వని పొద్దున కిడ్నీ యంత్రం మీదికి ఎక్కించరు.

అర్ధరాత్రి... ఆగింది. సినువాన్ అవ్వ దగ్గరే.

మళ్లీ నడిపింది. మళ్లీ అక్కడే. కన్లయా నవ్వు సన్నగిల్లింది. అవ్వ పేరు పక్కన, గమనికలు రాసే గడిలో ఉన్న గుర్తులన్నీ విడిగా తీసి చూసింది. ఇవి అక్షరాలు కావు, ఏదో బొమ్మలా ఉందే అనుకుని, బొమ్మగా తెరిచింది.

పైనుంచి మెల్లగా... బోడితల. ముడతల నుదురు. ఆ తర్వాత — రెండు కళ్లు, సూటిగా ఆమెనే చూస్తూ.

వెనక ఎవరో ఊపిరి పీల్చారు.

కన్లయా కుర్చీతో సహా కిందపడింది.

"నేనేనమ్మా," అన్నాడు గుమస్తా ప్రసోంగ్, గొంతు తగ్గించి. "ఆ బొమ్మ తియ్యకు..."

అప్పుడు బయటపడింది సంగతి. సినువాన్ అవ్వ అతని తల్లి. ఆవిడకిచ్చిన మంచం మీద అంతకుముందు వరసగా మనుషులు పోయారట. భయమేసి, తమ గుడి పెద్ద భిక్షువు ఫోటోని రక్షగా ఆవిడ వివరాల్లో దొంగచాటుగా కూరేశాడు. ఏళ్లు గడిచాయి, అవ్వ చెక్కుచెదరలేదు. మాటలుండాల్సిన గడిలో బొమ్మ కనబడేసరికి కొత్త యంత్రమే బెంబేలెత్తిపోతోంది.

"తీసేస్తే క్షణంలో అయిపోతుంది బాబాయ్."

"తీసేస్తే... అమ్మ పోతుంది."

"ఉంచితే పొద్దున వైద్యం ఉండదు కదా!"

కన్లయా వేలు మీట మీదే ఉండిపోయింది. ఆమెకి నమ్మకమంటూ ఏమీ లేదు. అయినా నొక్కబుద్ధి కాలేదు, భయమేసింది. కాసేపటికి తన తలమీద తనే మొట్టికాయ వేసుకుంది. కొత్తదాంట్లో ఫోటోలకి వేరే గడి ఉంది మరి. భిక్షువుని జాగ్రత్తగా అందులోకి మార్చింది. వివరాలన్నీ గడగడా ఎక్కేశాయి.

పొద్దున్నే చక్రాల కుర్చీలో అవ్వ వచ్చింది. తెరమీద తన పేరు పక్కనున్న గుండు ముఖాన్ని కళ్లు చికిలించి చూసింది. చాలాసేపు చూసింది. కొడుకు వైపు తిరిగింది.

"ఇన్నాళ్లకి నా ఫోటో ఒక్కటి బాగా వచ్చిందిరా," అంది.