పేరెత్తని పిలుపు

పొద్దుగూకినాక కంబం దారిన పోవద్దనేవాళ్లు.

పట్టపుపాళెం నించి పెద్దూరికి వచ్చే ఇసకదారిలో, దారులు కలిసే బయలు నడిమధ్య ఉండేది ఆ రాతికంబం. పగలు దాని నీడన మేకలు పండుకునేవి. ఆడపిల్లలు గచ్చకాయలాడుకునేవాళ్లు. దీపాలు పెట్టే వేళయిందా... ఎంత మొనగాడైనా చుట్టు తిరిగి, సవకచెట్ల తోపు వెంట ఇంటికి చేరుకోవాల్సిందే.

అక్కడ ఒక పిల్లోడు నిలబడి ఉంటాడంట.

వణుకుతా ఉంటాడంట.

రోహిణికార్తె ఎండకు కాగిన రాయి రాత్రయినా చెయ్యి పెట్టనియ్యని ఊరది. అట్టాంటి ఊళ్లో, చలికి పళ్లు కటకటలాడించే దెయ్యం ఏందో ఎవరికీ అంతుబట్టలేదు. నరసయ్య వల భుజానేసుకుని వస్తా ఆ కటకట విన్నాడు. వల అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చినాడు.

“అది దెయ్యం పళ్ల చప్పుడు కాదులే మామా, నీ కల్లుముంత చప్పుడు!” అని ఆడోళ్లు నవ్వినారు. నవ్వినారే గానీ, ఆ వల తెచ్చేదానికి ఒక్కరూ కదల్లేదు.

ఆ కంబం కట్టించింది జీవానందం అయ్యోరు. మిషను బళ్లో లెక్కలు చెప్పేవాడు. చైనావాళ్లూ మనమూ అన్నదమ్ములమని అందరూ చెప్పుకునే రోజుల్లో, యాభై ఎనిమిది చివర్లో, అయ్యోర్ల జట్టుతో కలిసి చైనా పోయివచ్చినాడు. ఆ ముచ్చట్లు చెబుతుంటే పాళెం పాళెమంతా నోరు తెరుచుకుని వినేది.

పెకింగు పట్నంలో మన చెరువంత మైదానమంట. నడిమధ్య ఆకాశానికి లేచిన రాతికంబమంట. దేశం కోసం ప్రాణాలిచ్చినోళ్లకు కట్టుకున్నారంట. కింద రాతిలో మనుషుల్ని చెక్కినారు, పడవల్లో నది దాటే సిపాయిల్ని కూడా. దాని ముందర నిలబడితే ఎట్టాంటోడికైనా మాట పెగలదంట.

ఆ పొద్దు ఉత్తరగాలి కోసేస్తుంటే మన నెల్లూరు అయ్యోరు గజగజా వణికినాడు. దారి చూపే కుర్రోడు నవ్వి, “లెంగ్?” అని అడిగినాడు. వాళ్ల భాషలో చలి అని. తన దూదికోటు విప్పి అయ్యోరి భుజాల మీద కప్పినాడు.

నాలుగేళ్లు తిరక్కుండానే ఆ దేశంతోనే యుద్ధమొచ్చింది.

అంకాలమ్మ ఒక్కగానొక్క కొడుకు ముత్యాలయ్య పటాలంలో ఉండాడు. సముద్రంలో చేపలాగా ఈదే పిల్లోడు... మంచుకొండల్లో పోయినాడని తంతి వచ్చింది. శవం రాలేదు.

“మనమూ ఒక కంబం నిలబెడదాం” అన్నాడు అయ్యోరు. పెద్దూళ్లో మూతులు విరిచినారు.

“చైనావాడి కంబం చూసొచ్చి, చైనావాడి చేతిలో చచ్చినోడికి కంబమా? బాగుందయ్యా!”

అయ్యోరు మర్నాడే బండి కట్టించినాడు. రాయి తోలించినాడు. నిలబెట్టించినాడు.

పాళెంలో ఒక ఆచారం ఉండాది. సముద్రం మీద పోయి తిరిగి రానోడిని కన్నతల్లి పిలవాలి. ఒడ్డున దీపం పెట్టి, పోయిన దిక్కుకు తిరిగి, “రా బిడ్డా... నీ తల్లి పిలుస్తుండాది, రా” అనాలి. పేరు మాత్రం ఎత్తకూడదు. పేరెత్తితే గంగమ్మ ఆ పేరును పట్టుకుని ఉండిపోతుందని, మనిషిని మళ్లీ వదలదని పెద్దల మాట. పిలిచినాక వెనక్కి చూడకుండా ఇంటికి రావాలి. పిలుపు విన్న ప్రాణం వెనకాలే వస్తుంది.

ముత్యాలయ్య పోయింది సముద్రంలో కాదు. అంకాలమ్మకు తెలిసింది మాత్రం ఆ పిలుపొక్కటే. కంబంకాడ దీపం పెట్టింది. ఉత్తరానికి తిరిగింది. గొంతు పగిలేటట్టు పిలిచింది.

ఆ తరవాతే... పిల్లోడు కనబడ్డం మొదలైంది.

ఒకనాడు సందెవేళ అంకాలమ్మ అయ్యోరింటికి వచ్చింది.

“అయ్యోరా, నా బిడ్డ వచ్చినాడు. అందరూ చూస్తుండారు. నేను పోతే మాత్రం మొహం ఇటు తిప్పడే! పటాలానికి పోవద్దని చీపురు తిరగేసినా ఆ రోజు. ఆ కోపమేమో...”

“దెయ్యాలు లేవక్కా.”

“ఉండాయో లేవో నాకెందుకు? నా బిడ్డ ఉండాడా లేదా, అది చెప్పు చాలు. నీ మాటంటే వాడికి గురి. ఒక్కసారి నువ్వు చెప్పు, అమ్మ మీద అలక మానమని.”

కాదనలేకపోయినాడు.

అమాస చీకటి. ముందర దీపంతో అంకాలమ్మ. ఆమె చంకలో గిన్నె — కొడుక్కి ఇష్టమని రాగిసంగటి, మామిడికాయ వేసిన కానాగంత చేపల పులుసు. వెనకాల అయ్యోరు, లోలోపల ప్రార్థన చేసుకుంటా.

బయలు దగ్గరపడేకొద్దీ గాలి ఆగిపోయింది. సముద్రం హోరు కూడా... ఎవరో తలుపేసినట్టు ఆగిపోయింది.

కట... కట... కట...

కంబం మొదట్లో ఎవరో గొంతుక్కూర్చుని ఉండారు. చేతులు రెండూ చొక్కా చేతుల్లో దూర్చుకుని. టోపీ మీద తెల్లగా ఏదో — ఉప్పేమో అనుకున్నాడు అయ్యోరు. ఉప్పు కాదు. అది కరిగి, చుక్కా చుక్కా రాయి మీద పడుతుండాది.

“నాయనా...” గుసగుసగా పిలిచింది అంకాలమ్మ. “ఇటు చూడు నాయనా.”

అది తల తిప్పింది.

పదహారో పదిహేడో ఉంటాయి. మీసం కూడా రాని మొహం. వెడల్పు చెంపలు, సన్నని కళ్లు. ఒంటిమీద దూదికోటు. నీలంబారిన పెదాలు కదిలినాయి.

“లెంగ్...”

ఆ మాట అయ్యోరు పెకింగులో విన్నదే.

“ఏమంటుండాడు?”

“చలి... చలంటుండాడక్కా.”

“నా బిడ్డేనా?”

అంకాలమ్మ దీపం ఎత్తి పట్టుకుని ఆ మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. కన్ను వాల్చలేదు.

“కాదు” అని తనే అన్నది.

మళ్లీ, తనలో తను అనుకుంటున్నట్టు...

“ఉత్తరానికి తిరిగి పిలిచినా. రా బిడ్డా అన్నా. పేరెత్తలా.”

అప్పుడు తెలిసింది అయ్యోరికి. ఆ మంచులో పడి ఉన్న బిడ్డలు ఎంతమందో... అటువాళ్లు, ఇటువాళ్లు. ఒక తల్లి పిలుపు వినబడింది. తననే అనుకున్నాడు వీడు. లేచి వచ్చేసినాడు.

“పొమ్మందామా అక్కా? ఎంతైనా వీడు... వాళ్ల మనిషి.”

“నా బిడ్డను కాల్చిన చెయ్యి వీడిదేనేమో కూడా” అన్నది అంకాలమ్మ. గిన్నె పట్టుకున్న చేతి నరాలు ఉబ్బినాయి. ఇప్పుడు విసిరికొడుతుంది అనుకున్నాడు అయ్యోరు.

విసరలేదు. నిదానంగా కూర్చుంది.

“పొమ్మని ఎట్టా అనేది అయ్యోరా? పిలిచింది నేను గదా.”

పైట చెంగుతో వాడి టోపీ మీద మంచు తుడవబోయింది. చెంగు తడిసింది గానీ చేతికేమీ తగల్లేదు. సంగటి తుంచి, పులుసులో అద్ది, చెయ్యి చాపింది.

పళ్ల కటకట ఆగింది.

దీపం కొండెక్కింది. ఆ కటిక చీకట్లో అంకాలమ్మ గొంతు ఒక్కటే.

“అయ్యోరా... మరి నా ముత్యాన్ని అక్కడ ఏ తల్లి పిలిచిందో. ఏ కంబంకాడ నిలబడుకోని ఉండాడో. భాష రాదు వాడికి. ఆకలేస్తే అడగను గూడా రాదు... ఆమె పెట్టి ఉంటాదా?”

చీకట్లో... ఆమె ఇంకో ముద్ద తుంచుతున్న చప్పుడు వినిపించింది.