తోలుకోటు వెనక ఊపిరి

ఒమాన్ తీరంలోని షినాస్‌లో చేపల రేవు నుంచి ఖర్జూరపు తోటల్లోకి పోయే మట్టిదారిలో ఒక పాడుబడ్డ ఇల్లు ఉంది. కప్పు లేదు, తలుపు లేదు. రాత్రి ఇషా నమాజు అయ్యాక ఆ దారిన ఒంటరిగా ఎవరూ పోరు. పోతే... వెనక ఊపిరి వినిపిస్తుందట. వేడిగా, మెడ మీదనే.

రేవులో చేపల బుట్టలు మోసే మనవాళ్లు కొందరు విన్నారు. ఒకడి మెడ తడిసింది కూడానట. వెనక్కి తిరిగి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. చూస్తే దెయ్యం పట్టుకుంటుందని మనకు చిన్నప్పుడే చెప్పి పెట్టారు కదా. బీయే చదివిన నేను కూడా చూసి ఉండేవాణ్ణి కాదు.

ఈ సంగతి నాకు చెప్పింది లింబాద్రి. ఆర్మూర్ వైపువాడు. రహీం హోటల్లో బైకు మీద పార్సిళ్లు చేరవేసే పని. అంతకుముందు సైట్‌లో సిమెంటు ఇటుకలు మోసి నడుం పాడుచేసుకున్నాడు. తోటల అవతల ఒక ముసలాయన ఇంటికి బిర్యానీ ఇచ్చి రమ్మంటే, ఇప్పటికే రెండుసార్లు సగం దారి నుంచి తిరిగొచ్చాడు. మూడోసారి రహీం బైకు తాళంచెవి చేతిలో పెడుతూ నెమ్మదిగా అన్నాడట—

"లింబాద్రి భాయ్, ఈసారి పార్సిల్ వాపస్ వస్తే చాబీ కూడా వాపస్ ఇచ్చెయ్. పొద్దున మళ్లీ సైట్‌కు పో."

అందుకని పోయాడు. అయితే ముందు వాడు వేసుకున్న కోటు గురించి చెప్పాలి. 

ఏదో చలిదేశంలో పోలీసులు మోటార్‌సైకిల్ మీద వేసుకునే నల్ల తోలుకోటు అది. పాత బట్టల మూటల్లో వచ్చింది. బ్యాడ్జీ పీకేసిన చోట తోలు ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది. కుట్టినవాడు తెలివైనవాడే, కాదనను. సీటు మీద కూర్చుంటే ముడతపడకుండా నడుం దాకానే కత్తిరించాడు. గాలి దూరకుండా జిప్పు ఏటవాలుగా పెట్టాడు. కింద పడితే రోడ్డుకు గీరుకునేది కోటే, ఒళ్లు కాదు. కాలరు గడ్డం దాకా వచ్చి బిగుసుకుంటుంది. మా కాలేజీ రోజుల్లో నిజామాబాద్‌లో ఒక ఎస్సై బుల్లెట్ మీద ఇలాంటి కోటుతోనే తిరిగేవాడు, నడి ఏప్రిల్‌లో కూడా. ఎంత దర్జా అనుకునేవాళ్లం, పక్కకు వెళ్లేదాకా. దగ్గరికి వెళితే చెమట కంపుకు కళ్లలో నీళ్లు తిరిగేవి. సరే, ఆయన సంగతి ఇప్పుడెందుకు.

ఈ సముద్రపు తేమలో తోలు ఏమవుతుంది? బూజు పడుతుంది. లోపలి అస్తరు నిండా ఎవడెవడి చెమటో. ఎండలో వేస్తే అట్టలా బిగిసింది. దానికి వీడు చేసిన వైద్యం వినండి.

"మా ఊర్ల చెప్పులు గట్టివడితే ఆముదం రాస్తరు గద కాకా. ఈడ ఆముదం యాడ దొర్కుతది? రేవుల పడవలకు పూసే నూనె ఉండె. గదే రాసిన."

సొరచేప నూనె. డబ్బా మూత తీస్తే వీధి చివర మనిషికి తెలుస్తుంది. దాన్ని రెండు చేతులా పట్టించి రూమ్‌లో తగిలించాడు. తోటివాళ్లు మంచాలు బయట వేసుకున్నారు.

"పారెయ్యరా, నీకు పుణ్యముంటుంది" అన్నాను.

"మస్తుగుంటది కాకా. పోలీసోని లెక్క కొడుత."

ఆ మూడోసారి కోటు తొడుక్కునే బయల్దేరాడు. డిసెంబరు. చలిగాలి. పాడింటి దగ్గర ఇసుక మేట వేసింది, బైకు చక్రం కూరుకుపోయింది. వాడు దిగి, దీపాలు ఆర్పకుండా, హ్యాండిల్ పట్టుకుని నెట్టసాగాడు.

అప్పుడు వినిపించింది... ఊపిరి.

అడుగుల చప్పుడు లేదు. ఊపిరి ఒక్కటే. పొడుగ్గా, తడిగా. వాడు ఆగితే అదీ ఆగింది. నెడితే — మళ్లీ.

భుజం మీద ఏదో పడింది. గరుగ్గా, అరచెయ్యంత వెడల్పుగా. వీపు మీదుగా మెల్లగా కిందికి జారింది. మళ్లీ పైకి వచ్చింది...

నాకుతోంది.

చిక్కటి జొల్లు కాలరు సందులోంచి మెడ మీదికి కారింది — వెచ్చగా, కుళ్లిన గడ్డి కంపుతో.

కోటు విప్పి పారేసి ఉరుకుదామంటే జిప్పు రాలేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టి పోయింది. బిర్యానీ అక్కడే వదిలేసి పారిపోదామంటే... పొద్దున సైట్. ఇటుకలు. నడుం.

"ఎనకకు సూడొద్దనే అనుకున్న కాకా. సూద్దామన్నా మెడ తిర్గది. కాలరు గొంతు వట్టుకున్నది."

"చాబీ నేనియ్య... చాబీ నేనియ్య..." అని గొణుక్కుంటూ, కళ్లు మూసుకుని నెట్టాడట. అది కాలరు పట్టి గుంజింది. పళ్లతో.

వాడి కళ్లు తెరుచుకున్నాయి. ఎదురుగా బైకు అద్దం.

అద్దంలో, వెనక దీపం ఎర్రటి వెలుగులో — చీలిన పెద్ద పెదవి. పొడుగాటి పచ్చని పళ్లు. ఆ పైన, తీరిగ్గా నములుతూ చూస్తున్న రెండు కళ్లు...

ఒంటె.

ముందుకాళ్లకు తాడు కట్టి, తోటవాళ్లు రాత్రిళ్లు పాడింట్లో వదిలేస్తారట. ఇసుకలో దాని అడుగు వినపడదు. ఈ తీరంలో ఒంటెలకు ఎండుచేపలు కూడా మేపుతారు. దెయ్యం ఎప్పుడూ చేపల రేవువాళ్ల వెంటే ఎందుకు పడేదో ఇన్నేళ్లలో ఒక్కడూ ఆలోచించలేదు. ఇక వీడేమో ఆ నూనెతో వడ్డించిన విస్తరిలా ఎదురెళ్లాడు.

ఇసుక దాటగానే బైకు ఎక్కేశాడు, కాళ్లకు తాడున్న ఒంటె వెనకబడిపోయింది. బిర్యానీ చేరింది. తిరిగొచ్చిన లింబాద్రిని రహీం మెట్ల మీదే ఆపాడు. ఖాళీ సంచీ చూసి, ముక్కు మూసుకుని అన్నాడు—

"చాబీ నీ దగ్గరే పెట్టుకో భాయ్. లోపలికి మాత్రం రాకు."

జిప్పు రాదు కదా, వాడు ఆ కోటులోనే హోటల్ వెనక పడుకున్నాడు. పొద్దున నేనూ రహీం ముక్కులకు గుడ్డలు కట్టుకుని, చేపలు కోసే కత్తెరతో కోటు వీపంతా చీల్చాం. లోపల చొక్కా జొల్లుకీ చెమటకీ ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఎడమ చెయ్యి వచ్చేసింది. కుడి చెయ్యి మాత్రం ఎంత లాగినా మణికట్టు దగ్గర ఇరుక్కుని రాలేదు — తాళంచెవి ఉన్న పిడికిలి వాడు విప్పడం లేదు.