కై చెల్లికి పేరు

స్కూల్ బస్ దిగి వేద సరాసరి పక్కింటికి వెళ్లింది. అక్కడ ఉండే కై, వేద ఇద్దరూ నాలుగో గ్రేడ్. షామ్‌బర్గ్ ఊళ్లో వాళ్ల రెండిళ్లకీ మధ్య ఒక్క డ్రైవ్‌వే అడ్డం.

కైకి వచ్చే వారం చెల్లి పుట్టబోతోంది. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంది. అందులో మూడు చైనీస్ పేర్లు, పక్కనే ఇంగ్లీష్ అక్షరాల్లో.

"మా నైనై రాసింది," అన్నాడు కై. నైనై అంటే వాళ్ల నానమ్మ. ఆవిడ స్టవ్ దగ్గర నూడుల్స్ కలుపుతోంది.

వేద మొదటి పేరు చదివింది. "షూ-యూ? షూనా!" కాలెత్తి తన స్నీకర్ చూపించింది. "పాపకి అందరూ ఇదే చూపిస్తారు!"

కైకి కూడా నవ్వొచ్చింది. నైనైకి ఇంగ్లీష్ అంతగా రాదు. కానీ ఆ స్నీకర్ చూసింది, ఆ నవ్వులూ చూసింది. స్టవ్ ఆపి వచ్చి, పెన్‌తో ఆ పేరు కొట్టేసింది.

కై నవ్వు ఆగిపోయింది.

"అది నైనైకి బాగా ఇష్టమైన పేరు. దాంతో పిలిచి అన్నానికి రమ్మంటే ఎలా వినిపిస్తుందోనని రోజూ వంటింట్లోంచి పిలిచి చూసుకునేది," అన్నాడు మెల్లగా.

వేద నూడుల్స్ గిన్నె అలాగే వదిలేసి లేచింది. ఇంటికెళ్లి అమ్మకి చెప్పింది.

అమ్మ బట్టలు మడతపెడుతూ, "ఆ పేరుకి అర్థం ఏంటట?" అంది.

"తెలీదు."

"అడగలేదా?"

వేద తల అడ్డంగా ఊపింది.

మర్నాడు మళ్లీ వెళ్లింది. "సారీ, నైనై. ఆ పేరు నాకు నేర్పిస్తారా?"

కై ఆ మాట చైనీస్‌లో చెప్పాడు.  నైనై కుర్చీ లాక్కుని కూర్చుంది. 'షూ' అంటూ గొంతు పైనే నిలిపింది. 'యూ' దగ్గర కిందికి దించి, మళ్లీ లేపింది.

"తొందర లేకుండా కురిసే వాన అని అర్థం," అన్నాడు కై.

వేద అంది. నైనై కాదంది. పెదాలు గుండ్రంగా పెట్టి చూపించింది. ఏడోసారి సరిగ్గా పలికేసరికి నైనై తొడ మీద చరిచి నవ్వింది.

లోపల్నుంచి కై వాళ్లమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుని వచ్చింది. "ఇంకోసారి అను, వేదా."

వేద అంది. ఆంటీ పెన్ తీసుకుని, కొట్టేసిన పేరు పక్కనే మళ్లీ రాసింది.

పాప పుట్టాక కై స్కూల్‌కి ఫోటో తెచ్చి, పేరు చెప్పాడు.

"షూ-యూనా? అదేం పేరు?" అంటూ వాళ్ల క్లాస్‌లోని అక్షయ్ పకపకా నవ్వాడు.

"అలా కాదు," అంది వేద, అతని పక్కన కూర్చుంటూ. "ముందు పెదాలు గుండ్రంగా పెట్టు."