జానెడు తక్కువ

తెర మీద గోల్ఫ్ ఆటలోని గ్రీన్ నున్నగా మెరుస్తోంది. బంతికీ గుంతకీ మధ్య నాలుగడుగులే, కానీ అంతా పల్లం. సువార్త చేతిలో కర్ర కదిలే ముందు మణికట్టు మీది బ్యాండు రెండుసార్లు చిన్నగా తట్టింది. తర్వాత, ఇంతే చాలు అన్నట్టు మెత్తగా నొక్కింది. ఆ నొక్కు చెప్పినంతే కొట్టింది సువార్త. బంతి దొర్లుకుంటూ వెళ్లి గుంతకి జానెడు ఇవతల ఆగిపోయింది.

"ఎప్పుడూ ఇంతే నువ్వు," అంది నవ్వుతూ. గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు.

పచ్చిక తొక్కి ఎరగనివాళ్లు కూడా గోల్ఫ్‌లో మొనగాళ్లయిపోయిన కాలమది. ఆన్‌లైన్ ఆటలో బంతిని దూరంగా కొట్టడం ఎవరికైనా వస్తుంది. చిక్కంతా చివర్న, గుంత చుట్టూ ఉండే ఆ గ్రీన్ మీదే. అక్కడ బంతి జారిపోతుంది, బలం పిసరు ఎక్కువైతే ఇక దొరకదు. ఆ పిసరెంతో చేతికి తెలియాలి. అందుకే విశాఖలో డాక్టర్ మృణాళిని ఈ బ్యాండు తయారుచేసింది. కండరాల్లో పుట్టే సన్నని ఎలక్ట్రిక్ సిగ్నల్స్ చదివి, ఏ వాలుకి ఎంత బలం వాడారో గుర్తుపెట్టుకుని, మళ్లీ అలాంటి వాలు వస్తే ముందే నొక్కి చెప్తుంది.

ఈ బ్యాండు సువార్త అన్న ఎలీషాది. అతను అసలు క్యారమ్స్ ఆటగాడు. పౌడరు ఎక్కువైతే వేలి జోరు తగ్గించాలమ్మాయ్ అంటూ, స్ట్రైకర్ కొట్టే ముందు బోర్డు అంచు మీద రెండుసార్లు తట్టేవాడు. గోల్ఫ్‌లోనూ అదే అలవాటు, అదే పిసినారి బలం. ఆ తట్లు కూడా ఆటలో భాగమే అనుకుని బ్యాండు వాటినీ గుర్తుపెట్టుకుంది. వానాకాలంలో జ్వరమొచ్చి ఎలీషా పోయాడు. ఇంట్లో ఆదరణ కూడిక ప్రార్థనలు అయిన మర్నాడు సువార్త బ్యాండు తొడుక్కుంది. అది రెండుసార్లు తట్టేసరికి ఆమె నేల మీద కూలబడి ఏడ్చింది. అప్పట్నించి ఒక్క సాయంత్రం కూడా ఆట మానలేదు. ఓడిపోతున్నా మానలేదు.

తక్కువ కొట్టే చేతుల్ని సరిదిద్దే కొత్త అప్‌డేట్ వస్తోందని ఆమెకి తెలిసింది; అదొస్తే అన్న ఆట చెరిగిపోతుంది. విశాఖ బస్సెక్కి డాక్టర్ దగ్గరికి వెళ్లి, దీన్ని మాత్రం ముట్టుకోవద్దని బతిమాలింది. డాక్టర్ బ్యాండును కంప్యూటర్‌కి తగిలించి చాలాసేపు చూసింది.

"ఇందులో మీ అన్నయ్య లేరమ్మా. కొత్త ఆట వచ్చేకొద్దీ పాతది చెరిగిపోతుంది. క్రిస్మస్ నాటికే ఆయనవన్నీ పోయాయి."

"నిన్న కూడా తట్టాడండి. రెండుసార్లు."

"అవి మీ తట్లే. ఆయనలా ఆడాలని ఆడుతూ వచ్చారు. అది మీ దగ్గర నేర్చుకుని మీకే చెప్తోంది."

సువార్త బ్యాండుని చేతిలోకి తీసుకుంది. తర్వాత అడిగింది.

"నేను ఆడకుండా బీరువాలో పెట్టుంటే?"

డాక్టర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఈ ప్రశ్న ఆమె ఎన్నడూ ఊహించలేదు.

"ఉండేవారు," అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది సువార్త. బ్యాండు సంచి అడుగున ఉంది. తుని దాటాక బస్సు నెమ్మదించింది. ఆమె కుడిచేతి వేలు కిటికీ ఊచ మీద రెండుసార్లు తట్టింది. తట్టాలని ఆమె అనుకోలేదు.

అచ్చం ఎలీషా తట్టినట్టే. ఎడంచేత్తో ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. కాకినాడ వచ్చేదాకా వదల్లేదు. పక్కనున్న పెద్దావిడ చూసి చూసి, చెయ్యి నొప్పెడుతోందా అమ్మా అని అడిగింది.

"లేదండి," అంది సువార్త. "వాడితే పోతాడు."

ఎడంచేత్తోనే సంచి అందుకుని, తడబడుతూ బస్సు దిగింది.