పద్నాలుగో ఫైల్ సిస్టమ్

"ఇంకెంతసేపు తమ్ముడూ?"

"ఒక్కటే ఉన్నాదక్కా. గేటు కెమెరాది."

ధర్మేంద్ర కళ్ళు నులుముకుంటాడు. రెండు రోజులుగా నిద్ర లేదు. భావనపాడు దగ్గర చేపల కంపెనీలో సర్వర్ మొత్తం ఎవరో తుడిచేశారు; తిరిగి నింపే పని అతనిది. పద్నాలుగు ఫైల్ సిస్టమ్‌లు. ఒక్కోదానికీ ముందు డిస్క్‌ని దాని ఫోల్డర్‌కి తగిలించాలి. అది మౌంట్. తర్వాత బ్యాకప్ నుంచి ఫైళ్ళు తిరిగి ఎక్కించాలి. అది రిస్టోర్. అన్నీ కమాండ్లే.

పదమూడు అయ్యాయి. పద్నాలుగోది ముట్టుకోవద్దన్నాడు మేనేజర్ నారాయణమూర్తి.

పక్కనే నిలబడ్డ దుర్గాభవానికి అదే కావాలి! వాచ్‌మన్ పోతురాజుని చంపాడని ఆమె మొగుడు శివాజీని లోపలేశారు. ఆ పూట గేటు దగ్గర ఎవరున్నారో ఆ వీడియోలోనే ఉంది.

రిస్టోర్. ఎంటర్!

ఫైళ్ళ పేర్లు స్క్రీన్ మీద పరుగెడతాయి... ఆగుతాయి.

బయట జీపు!

మౌంట్ కొట్టానా? గుర్తు లేదు. కొట్టేస్తాడు.

తలుపు ధడాలున తెరుచుకుంటుంది.

"ఒరే! దీన్నెవుడు రానిచ్చాడు?"

నారాయణమూర్తి. బ్యాకప్ డిస్క్ పీకుతాడు. నేలకేసి కొడతాడు. బూటుతో తొక్కుతాడు.

"పద్నాలుగోది తెరు. సూడనీ!"

ధర్మేంద్ర తెరుస్తాడు.

ఖాళీ!

"బతికిపోనావ్."

జీపు వెళ్ళిపోతుంది. దుర్గాభవాని గోడకి జారబడుతుంది.

"ఏటైపోనాది బాబూ?"

ధర్మేంద్ర డిస్క్‌లన్నీ ఓసారి చూస్తాడు. సర్వర్‌ని నడిపే సిస్టమ్ డిస్క్ నిండిపోయి ఉంది. ఎందుకు నిండింది?

తప్పు తెలుస్తుంది. మౌంట్ చెయ్యకుండానే రిస్టోర్ కొట్టాడు! ఫైళ్ళు సిస్టమ్ డిస్క్ మీద ఫోల్డర్లో పడ్డాయి. ఆ తర్వాత మౌంటయిన ఖాళీ డిస్క్ వాటిని కప్పేసింది.

"లేవక్కా! ఉన్నాది!"

పైన కప్పిన డిస్క్‌ని ఊడదీస్తే చాలు. అన్‌మౌంట్. ఎంటర్!

వీడియో తెరుస్తాడు. గేటు. లోపల పోతురాజు కుర్చీ. బయట నారాయణమూర్తి ఇనుపరాడ్డు అందిస్తున్నాడు. అందుకున్నవాడు లోపలికి నడిచాడు... లైటు కిందకి వచ్చాడు.

శివాజీ!

దుర్గాభవాని స్క్రీన్‌కి అడ్డంగా చెయ్యి పెడుతుంది. సర్వర్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

"తుడిచీ తమ్ముడూ."

ధర్మేంద్ర ఆమె చెయ్యి పక్కకి తీస్తాడు.

"నీ కాళ్ళట్టుకుంటాను. ఎవుడూ సూళ్ళేదు. తుడిచీ!"

ధర్మేంద్ర జేబులోంచి పెన్ డ్రైవ్ తీస్తాడు. గుచ్చుతాడు. కాపీ కమాండ్ టైప్ చేస్తాడు.

"పోతురాజు పెళ్ళాన్ని కూడా అక్కా అనే పిలుస్తాను."

ఎంటర్!