సంతకానికి ముందు బ్లీచ్ వాసన

ఎనభై ఆరు మంది పనివాళ్లని చంపబోయింది విదేశీ ముఠా ఒక్కటే కాదు. రెండు లైన్ల కోడే కదా అని, చదవకుండా 'చూశాను' అంటూ పేరు గీకిన మీరంతా కూడా.

కెనడాలోని విన్నిపెగ్ నీటిశుద్ధి కేంద్రంలో క్లోరిన్ లీకైతే సెన్సర్ పసిగట్టాలి, సైరన్ మోగాలి. ముఠా అక్కడ దొంగ చిప్‌లు బిగించింది. ఎంత గ్యాసున్నా సున్నా చూపించే రకం. గుర్తింపు సంఖ్య తెలియని చిప్‌ని, సెన్సర్లని నడిపే 'డ్రైవర్' ప్రోగ్రామ్ ఒప్పుకోదు. ఒప్పించడానికే ఆ రెండు లైన్లు. అందాకా ఆ చిప్‌లు పరిశీలనలో ఉన్నట్టే లెక్క; ఎవరూ ఆపకపోతే మధ్యాహ్నం రెండింటికి ఆ లైన్లు డ్రైవర్‌లో కలుస్తాయి. ఆ వెంటనే ముఠా మనిషి వాల్వ్ తిప్పి క్లోరిన్ వదులుతాడు.

ఒంటిగంటా యాభై ఎనిమిది. హీటర్ మెకానిక్ వేషంలో ఏజెంట్ డార్సీ కొవాల్చుక్, ఆ ప్రోగ్రామ్‌లో ఏ మార్పుకైనా ఆఖరి మాట చెప్పే ఆర్విల్ ఫ్రీసెన్ ఇంటి బేస్‌మెంట్‌లోకి దిగాడు. ముసలాయన పక్కన ఎర్రకోటులో సీమోన్ లావలే. చిప్ కంపెనీ ప్రతినిధి వేషం. నిజానికి డార్సీ పనిచేసే నిఘా శాఖ మనిషే.

"నది గడ్డకట్టిందా?" కోడ్‌వర్డ్ విసిరాడు డార్సీ.

'రెండడుగుల మందం' అనాలి. "నాకు నదులు పడవు," అంది సీమోన్.

ముఠాకి అమ్ముడుపోయింది.

"పెద్దాయనా, ఆ మార్పు ఆపు."

"ముగ్గురు 'చూశాం' అని రివ్యూ రాశారయ్యా. నంబరు కలపడమేగా."

"ఆ ముగ్గురిలో ఎవరైనా చిప్ చూశారా?"

"మొదటివాడు చూసుంటాడని రెండోవాడు..." ముసలాయన నసిగాడు.

"మరి నువ్వు?"

"ముగ్గురున్నారు కదాని..."

డార్సీ తన టీ ఫ్లాస్క్ అడుగు తిప్పి తెరిచాడు. లోపల చిప్ కొలత చూపించే రీడర్, ప్లాంటులో పీకిన దొంగ చిప్. క్లోరిన్ వాసనొచ్చే బ్లీచ్‌లో తడిపిన గుడ్డ జేబులోంచి తీసి దాని మీద పెట్టాడు.

"వాసనొస్తోందా?"

"కళ్లు మండుతున్నాయి."

"చిప్‌ని అడుగు."

రీడర్ తెర మీద సున్నా.

ముసలాయన కంప్యూటర్ వైపు తిరిగాడు. గడువుకి పదకొండు సెకన్లు. సీమోన్ కీబోర్డు లాక్కోబోయింది. డార్సీ ఆమె మణికట్టు పట్టేశాడు.

"వదులు డార్సీ. నువ్వూ ఇలాంటివి చదవకుండా ఎన్ని దాటించావో నాకు తెలుసు."

"అందుకే దీన్ని చదివాను."

నాలుగు సెకన్లుండగా ఫ్రీసెన్ వేలు 'తిరస్కరించు' మీద పడింది. అటు ప్లాంటులో దొంగ చిప్‌లన్నీ తప్పని డ్రైవర్ పట్టేసింది. సైరన్ మోగింది. ఎనభై ఆరు మందీ మైనస్ ముప్పై డిగ్రీల చలిలో వణుకుతూ, మేనేజర్ని తిట్టుకుంటూ బయటికొచ్చారు. బతికున్నవాళ్లే తిట్టగలరు.

చిప్ చేతిలో పెట్టుకుని పరీక్షించనిదే ఏ నంబరూ డ్రైవర్‌లో కలపకండి. చదవకుండా పెట్టిన సంతకాలు ఈరోజే వెనక్కి తీసుకోండి. సిగ్గుపడటం తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు.